అడుగు కుండ మేకులు

గంగయ్య తల తిప్పింది గొడ్డలి చప్పుడికి కాదు. కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. అందుకని తిప్పాడు.

అప్పటికే చిన్నకోడలు మరిడమ్మ కొత్త పడవ ఎక్కి చుక్కాని బల్లని నరుకుతోంది. చుక్కాని పట్టేవాడు కాళ్లుంచే బల్ల అది. గుగ్గిలం కాగుతున్న కుండ వదిలి గంగయ్య లేచేలోగా ఇంకో దెబ్బ పడింది. బల్ల నిలువునా చీలింది.

పెద్దకొడుకు అమ్మిరాజు పడవలోకి దూకాడు. తమ్ముడి పెళ్లాం అని చూడలేదు. మొగుడు పోయిన మనిషని చూడలేదు. జుట్టు చేతికి చుట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె పడవ అంచు మీంచి దొర్లి నేలమీద పడింది. గొడ్డలి మాత్రం వదల్లేదు.

"పడవ దించే పూట గొడ్డలి పడతావంటే! నా తమ్ముణ్ని మింగావు, చాలలేదా? ఇప్పుడు నన్నూ మింగుతావా?"

గుమ్మంలో పసుపునీళ్ల చెంబుతో నిలబడి ఉంది అమ్మిరాజు పెళ్లాం లోవమ్మ. "అదేం మాటయ్యా, ఆడమనిషిని పట్టుకుని!" అంది.

"నువ్వు నోర్ముయ్యి."

పడవ నీళ్లలోకి తోయడానికి వచ్చినవాళ్లు కంచె అవతలే ఆగిపోయారు. లోపలికి రాలేదు. వెళ్లిపోనూ లేదు. పక్కింట్లో జుట్టు పట్టుకుంటే చూడకుండా పోయే మనుషులు గోదావరికి ఈ ఒడ్డునా లేరు, ఆ ఒడ్డునా లేరు.

మరిడమ్మ లేచింది. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. తుడుచుకోలేదు.

"నేనెవర్నీ మింగలేదు బావా. నీ కాళ్ల కింద మీ అయ్య ఏం పెట్టాడో వంగి చూడు. చూశాక ఈ గొడ్డలి నీకే ఇత్తాను. నా మెడమీద ఏసెయ్యి."

"ఏంటంటోంది?" అన్నాడు గంగయ్య.

ఈమధ్య ఇంట్లో అందరూ నోట్లో నోట్లోనే గొణుక్కుంటున్నారు. పెద్దవాడంటే లెక్కలేదు. గంగయ్యకి అదే కడుపుమంట.

"బల్ల అడుగున," అంది మరిడమ్మ. "ఎడంపక్క. ఏలు పెట్టి చూడు. నిన్న చేపనూనె రాత్తా ఉంటే నా ఏలికి తగిలింది."

అమ్మిరాజు విసుగ్గా చెయ్యి చీలికలోంచి అడుగుకి పోనిచ్చాడు. వేలు ఒక గాడిలో పడింది. తాడు ఒరుసుకుని ఒరుసుకుని అరిగిన గాడి. మీద చిత్రిక పట్టారు గాని పూర్తిగా పోలేదు. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తమ్ముడు రాముడు లంగరు తాడు ఎప్పుడూ ఎడంపక్క నుంచే వదిలేవాడు. పలక అరిగిపోద్దిరా, కుడిపక్క నుంచి వదలరా అని తండ్రి తిట్టేవాడు. వాడు నవ్వేవాడు. తాడు ఎడంపక్కే పడేది. పోయిన తుపాను నాడు కూడా ఎడంపక్కే పడి ఉంటుంది.

"అయ్యా," అన్నాడు అమ్మిరాజు. "ఇది తమ్ముడి పడవ ముఖం."

ఆ మాట గంగయ్య చెవికి చేరలేదు. చేరక్కర్లేదు. కొడుకు మొహం చూశాడు, చాలింది.

మనిషిని తీసుకున్న పడవని ఎలా విప్పాలో తాళ్లరేవు దిగువన పసిపిల్లని అడిగినా చెబుతుంది. పక్కచెక్కలు ఇంకో పడవకి పోతాయి. దూలాలు ఇంటి కప్పుకి పోతాయి. వంగిన మేకులు కొలిమికి, ముక్కలు పొయ్యిలోకి. తెరచాప గుడ్డ చింపి పిల్లలకి పక్కబట్టలు చేస్తారు. ఏదీ దండగ పోదు. ముఖం ఒక్కటే ముట్టకూడదు. పడవ దించేనాడు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టే ముక్కు పలక అది. మనిషిని తీసుకున్నాక దాన్ని నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పట్టుకెళ్లి సముద్రానికి ఇచ్చెయ్యాలి.

"ఇచ్చేశానన్నావు," అన్నాడు అమ్మిరాజు, ఈసారి గట్టిగా. "గుడ్డ చుట్టి, పూలదండ ఏసి, అందరి ముందూ వదిలావు."

"గుడ్డలో ఏం చుట్టావు మావా?" మరిడమ్మ అడిగింది.

గంగయ్య గుగ్గిలం కుండ కింద మంట చూశాడు. రెండు పుల్లలు వెనక్కి లాగాడు.

"మామిడి చెక్క."

కంచె అవతల ఎవరో దగ్గారు.

"నేను సాగిలపడింది మామిడి చెక్కకా?" మరిడమ్మ గొంతు పగిలింది. "నా మెళ్లో తాడు తెంపి కట్టింది మామిడి చెక్కకా? నువ్వు పక్కనే నిలబడి చూశావు కదయ్యా! కట్టవే కట్టు, గట్టిగా కట్టు అన్నావు కదయ్యా!"

"టేకే అది!" గంగయ్య విసురుగా లేచాడు. "మా తాత నాటి టేకు. ఎన్ని పడవలు మారిందో ఎరుగుదువా నువ్వు? ఒక్క చెద పట్టిందా? ఒక్క బీట ఇచ్చిందా? దాన్ని ఉప్పునీళ్లలో పారెయ్యాలా? మా ఇంట చెక్క పారేసినోడు లేడు. మనిషి పోయాడు. చెక్కేం చేసింది?"

ఆ మాటకి లోవమ్మ చేతిలో చెంబు ఒరిగి పసుపునీళ్లు గుమ్మం మీద పడ్డాయి.

గంగయ్య అబద్ధం చెప్పలేదు. వాళ్ల ఇల్లు బతికిందే పారెయ్యకపోవడం మీద. కోరంగికి పెద్ద ఓడలు రావడం మానేశాక, ఇసకలో కూరుకుపోయిన ఓడల్ని విప్పి, ఆ చెక్కతో పడవలు కట్టుకున్న ఇల్లది. చిరిగిన వల దంచి నార చేసి, చెక్కల సందుల్లో కూరేవాళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట పనిలో తెగిపోయిన గొలుసులు తెచ్చి, సాగగొట్టి మేకులు చేసుకునేవాళ్లు. పాడైంది అనేది ఏదీ లేదు, దాని చోటు మారిందంతే అనేవాడు గంగయ్య తండ్రి. గంగయ్య ఆ మాట పట్టుకున్నాడు. మాట పట్టుకున్నవాడు మనుషుల్ని పట్టించుకోడు.

అతను పడవ ఎక్కాడు. అమ్మిరాజుని భుజంతో పక్కకి నెట్టి వంగాడు. చీలిన బల్ల రెండు ముక్కల్నీ ఊడబీకి ఎండలో పెట్టి చూశాడు. కోడలు ఏడుస్తోంది. కొడుకు పళ్లు కొరుకుతున్నాడు. గంగయ్య చూస్తున్నది ఈ ముక్క తెడ్డుకి వస్తుందా, ఆ ముక్క పీటకి వస్తుందా అని.

అప్పుడు కనపడింది.

చీలిక మధ్యలో, చెక్క లోపల, విరిగిపోయిన మేకు ముక్క. పోయినేడు పడవ విప్పినప్పుడు అది రాలేదు. తవ్వి తియ్యడానికి చేతులు రాక గంగయ్య దాన్ని అలాగే వదిలి పైన చిత్రిక పట్టేశాడు. ఇప్పుడు మరిడమ్మ గొడ్డలి దాన్ని బయటపెట్టింది.

గోటితో గీకాడు. ఉలి పెట్టి పైకి లేపాడు. అరచేతిలో పెట్టుకుని విరిగిన చోటు చూశాడు.

సగం ఎర్రటి తుప్పు. సగం బొగ్గులా నలుపు.

ఇనుముతో బతికినవాడికి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. ఎర్రగా ఉన్నది తుపాను నాడు విరిగిన సగం. నల్లగా ఉన్నది అంతకు ముందే పగిలి ఉన్న సగం. కొలిమిలో సాగగొట్టిననాడే పగిలిన మేకు అది. పగిలిన మేకుని తెచ్చి పడవ ముఖానికి కొట్టారు. ముఖం దగ్గర మేకు తెగితే రెండువైపుల చెక్కలూ తామర రేకుల్లా విచ్చుకుంటాయి.

రాముణ్ని గాలి చంపలేదు.

అంతకు ముందు ఎండాకాలం రాముడి పడవ ఒడ్డుకి లాగి, పాత మేకులు పీకి, మళ్లీ బిగించింది ఎవరు? అమ్మిరాజు.

గంగయ్య పడవ పక్కన ఆనించిన వెదురుగెడ తీశాడు. తీసిన చేత్తోనే కొట్టాడు.

మొదటి దెబ్బ అమ్మిరాజు చెవిమీద పడింది. రెండోది మెడమీద. అతను తూలి పడవలోంచి కింద పడ్డాడు. గంగయ్య వెంట దిగి కొడుతూనే ఉన్నాడు.

"పై కుండ మేకు! తలుపులకి కొట్టే పై కుండ మేకు ముఖానికి కొట్టావంట్రా! తమ్ముడి పడవకి! నీ చేతులిరిగిపోనూ! నీ చేతులు పుచ్చిపోనూ!"

లోవమ్మ చెంబు పారేసి పరుగెత్తుకొచ్చి మొగుడి మీద పడింది. గెడ ఆమె ముంజేతికి తగిలింది. గాజులు పగిలాయి. గంగయ్య ఆగలేదు. గెడ విరిగింది. విరిగిన ముక్కతో పొడిచాడు.

అమ్మిరాజు ఆ ముక్క పట్టుకున్నాడు. మెలితిప్పి లాక్కుని అవతల పారేశాడు. చెవిలోంచి రక్తం భుజంమీదికి కారుతోంది. లేచి, మరిడమ్మ చేతిలోంచి గొడ్డలి లాక్కున్నాడు.

"ఒద్దయ్యా! ఒద్దు, కన్నోడు!" లోవమ్మ అతని నడుం వాటేసుకుంది.

గొడ్డలి లేచింది. గంగయ్య కదల్లేదు. కళ్లు మూసుకోలేదు. కొట్టరా అన్నట్టు తలెత్తి నిలబడ్డాడు.

గొడ్డలి అతని తల పక్కనుంచి పోయి గుమ్మానికి దిగబడింది. ఆ గుమ్మం కూడా పాత ఓడదే.

"అడుగు కుండలోంచే తీశాను," అన్నాడు అమ్మిరాజు రొప్పుతూ.

"ఏంటి? గొణగమాకు. మొగాడిలా చెప్పు."

"అడుగు కుండ!" అమ్మిరాజు తండ్రి మొహంలో మొహం పెట్టి అరిచాడు. "అడుగు కుండలోంచి తీసి కొట్టాను! పై కుండ ముట్టుకోలేదు! అమ్మ పోయాక అడుగు కుండ నింపిందెవరు?"

ఆ ఇంట్లో మేకులకి రెండు కుండలు. సాగగొట్టిన ప్రతి మేకునీ గంగయ్య పెళ్లాం అచ్చాయమ్మ పెరట్లో నల్లరాయి మీద పడేసి వినేది. ఖంగుమని మోగితే మేకు నిండుగా ఉన్నట్టు. అది అడుగు కుండలోకి పోతుంది, నీటి కిందుండే చెక్కలకి. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. అది పై కుండలోకి, తలుపులకీ పశువులపాకకీ. పగులు కంటికి కనపడదు. చెవికి దొరకాల్సిందే. అచ్చాయమ్మ వేసిన అడుగు కుండలో ఒక్క మేకు తప్పు పోయిందని ఎవరూ అనలేదు. ఆమె ఒక పని చేస్తోందని కూడా ఎవరూ అనలేదు. పెళ్లాం బతికుండగా ఆమె పనికి పేరుండదు. పోయాక తెలుస్తుంది, ఇల్లు నిలబడింది దానిమీదేనని. తెలిసి ప్రయోజనం లేదు.

ఆమె పోయాక మరిడమ్మ ఆ రాయి ముందు కూచోబోయింది. అత్త పక్కన కూచుని నేర్చుకున్న పిల్ల. గంగయ్య చూసి నడుంమీద తన్నాడు. నా పెళ్లాం కూచున్న చోట నువ్వు కూచుంటావా అన్నాడు. ఆ రోజునుంచి తనే కూచున్నాడు. తనే మేకులు వేశాడు. తనే కుండలు నింపాడు.

"నేను వాయించి చూశాను," అన్నాడు గంగయ్య. "ఒక్కోటీ. ఒక్కోటీ వాయించి చూసి ఏశాను. నా మేకు తప్పుపోదు. నువ్వే కుండ మార్చావు."

"ఇంతమంది ముందు అంటున్నావా ఆ మాట?"

"అంటున్నాను. తమ్ముణ్ని చంపావు."

అమ్మిరాజు రక్తం చేత్తో తుడుచుకున్నాడు. ఆ చెయ్యి కొత్త పడవ ముఖానికి రాశాడు. పసుపు రాయాల్సిన చోట ఎర్రటి మరక పడింది. లోవమ్మ కెవ్వుమంది.

"ఈ పడవకి కొట్టిన మేకులన్నీ ఆ కుండలోయే అయ్యా. నువ్వు వాయించినయ్యే. ఇప్పుడే దించుతాను. మొగ దాటించి తిప్పుకొత్తాను. తిరిగొత్తే తప్పు నాది. ఆ గొడ్డలి అక్కడే ఉంటాది, నరికెయ్యి. రాకపోతే..." కంచె వైపు తిరిగాడు. "రాకపోతే నా పడవ చెక్కలు ఏరుకోమనండి ఈయన్ని. ముఖం కూడా దాచుకోమనండి. ఒక్క ముక్క దండగ పోనివ్వడు మా అయ్య."

తర్వాత మనుషుల్ని పిలిచాడు. మొదట ఎవరూ కదల్లేదు. "వత్తారా, నేనొక్కణ్నే తోసుకోనా?" అన్నాక వచ్చారు. నీరు నిండి ఉంది. కాసేపట్లో ఆటు మొదలై కాలవ సముద్రం వైపు లాగుతుంది. పడవ దుంగల మీద కదిలింది. లోవమ్మ దాని అంచు పట్టుకుని ఏడుస్తూ వెంట నడిచింది. అమ్మిరాజు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు.

పెరట్లో గంగయ్యా మరిడమ్మా మిగిలారు. గుగ్గిలం పొంగి మంటలో పడి నల్లటి పొగ లేచింది. ఎవరూ ఆర్పలేదు.

"మొగ దాకా పోడు," అన్నాడు గంగయ్య. "కోపం. చల్లారితే తిరిగొత్తాడు."

మరిడమ్మ లోపలికి పోయి అడుగు కుండ తెచ్చింది. నల్లరాయి ముందు దించింది. అచ్చాయమ్మ కూచునే చోట, అచ్చాయమ్మ కూచున్నట్టే ఒక మోకాలు ఎత్తి కూచుంది.

"లే అక్కణ్నించి."

లేవలేదు.

"లేమంటే లే! కాలిరగ్గొడతాను!"

"ఇరగ్గొట్టు. దానికేం, ఇంకోసారి." ఆమె తలెత్తి, అతనికి పెదవులు కనపడేట్టు చెప్పింది. "మావా, పడవ ఇంకా ఒడ్డు దాటలేదు. నేను పోయి ఆగమంటే బావ ఆగడు. మొగుణ్ని మింగినదాన్ని. నువ్వు చెబితేనే ఆగుతాడు. ఈ కుండలో మిగిలినయ్యి, ఆ పడవలో కొట్టినయ్యి, ఒక్క చేత్తో ఏసినయ్యే. నేను వాయిత్తాను. ఏది మంచిదో, ఏది పగిలిందో నువ్వే చెప్పు. అన్నీ మంచియ్యైతే తప్పు బావదే. నేనే నా నోటితో ఊరంతా చెబుతాను."

గంగయ్య ఆమె వైపు చూశాడు. తన్నిన చోటు ఆ నడుం. భయం లేదు ఆ కళ్లలో. అతనికి ఎప్పుడూ భయపడే కళ్లే నచ్చేవి.

"వాయించు," అన్నాడు.

"నా మొహం చూసి కనిపెట్టేత్తావు. అటు తిరుగు."

గంగయ్య పొగరుగా నవ్వాడు. కాలవ వైపు తిరిగి నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అక్కడినుంచి కొబ్బరిచెట్ల మధ్య పడవ ముక్కు కనపడుతోంది. తోసేవాళ్ల వీపులు వంగుతున్నాయి, లేస్తున్నాయి. వాళ్లు పాటందుకుని తోస్తున్నట్టు నోళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. పడవ నీటిని ముట్టింది.

అతను మేకు చప్పుడు కోసం చెవి ఒగ్గాడు. అచ్చాయమ్మ ఉన్నప్పుడు ఈ పెరడంతా మోగేది. ఖంగు, ఖంగు, మధ్యలో ఒక మొద్దు చప్పుడు, మళ్లీ ఖంగు. పొద్దున్నే ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. ఆమె పోయాక లోకం అంతా చప్పబడిపోయింది. అది దుఃఖం అనుకున్నాడు. పెళ్లాం పోతే అంతేనేమో అనుకున్నాడు. రాయి ముందు కూచున్నప్పుడు మేకు చేతిలోంచి జారగానే ఆ పాత చప్పుడు లోపల ఎక్కడో మోగేది. మోగింది కదా అని అడుగు కుండలో పడేసేవాడు.

పడవ సగం నీళ్లలోకి దిగింది.

"ఊఁ," అన్నాడు గంగయ్య. "ఎంతసేపు? మొదలెట్టు."

వెనకనుంచి ఏమీ రాలేదు.

"వాయించవేంటే? భయమేసిందా?"

తిరిగి చూశాడు.

కుండ బోర్లించి ఉంది. రాయికి ఈ పక్క గుప్పెడు మేకులు. ఆ పక్క కుప్ప. చివరి మేకు మరిడమ్మ వేళ్ల మధ్య ఉంది. అతను చూస్తుండగానే వదిలింది. అది రాయిమీద పడి, ఎగిరి, దొర్లి ఆగింది. అంతా చూశాడు. ఎగరడం చూశాడు, దొర్లడం చూశాడు.

"అన్నీ వాయించేశాను మావా."

ఆమె ఆ మేకు తీసి పెద్దకుప్పలో పడేసింది.

గంగయ్య ఆ కుప్ప వైపు చూశాడు. ఏ పక్కవి మంచివో, ఏ పక్కవి పగిలినవో అడగలేదు. ఒకటి గుప్పెడు. ఇంకోటి కుప్ప. తను వాయించి, తను విని, తను నింపిన కుండ.

మరిడమ్మ లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. ఒక్కో మాటా నిదానంగా అంది.

"చెవుడు తప్పు కాదు మావా. ఏదీ పాడైపోదు, దాని చోటు మారుద్ది అంతే అంటావు కదా. చెవిటోడి చోటు ఈ రాయి కాడ కాదు. ఆ ఒక్క ముక్క ఒప్పుకుని లేచుంటే నా మొగుడు బతికుండేవోడు."

గంగయ్య చెయ్యెత్తాడు. కొట్టడానికే ఎత్తాడు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆమె తల తిప్పుకోలేదు. అతను ఆ చేత్తోనే ఆమెని పక్కకి తోసి పరుగెత్తాడు.

విరిగిన గెడ మీద కాలు పడి బోర్లా పడ్డాడు. లేచాడు. నోట్లో మట్టి. కంచె దాటాడు. కొబ్బరి మట్టలు తొక్కుకుంటూ ఒడ్డుకి వచ్చేసరికి పడవ కాలవ నడుమ ఉంది. ఆటు మొదలైంది. నీరు దాన్ని పట్టుకుంది. వెనకవైపు అమ్మిరాజు బల్ల లేని చోట వట్టి దూలాల మీద కాళ్లు చాపి చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు. ముఖంమీద నెత్తుటి మరక ఎండలో నల్లబడింది.

"ఒరే అమ్మిరాజూ! ఆగరా! తిప్పరా వెనక్కి!"

తన గొంతు తనకే ఎక్కడో అవతలి ఒడ్డున అరిచినట్టుంది.

అమ్మిరాజు తల తిప్పాడు. చుక్కాని చంకలో పెట్టుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఏదో అరిచాడు. ఆగాడు. మళ్లీ అదే అరిచాడు. ఆ తర్వాత చేతులు దించి, అలాగే చూస్తూ నిలబడ్డాడు.

ఒడ్డుమీదివాళ్లంతా ఒక్కసారిగా గంగయ్య వైపు తిరిగారు. తప్పు ఎవరిదని అడిగినవాడికి బదులు చెప్పాల్సిన మనిషి వైపు చూసినట్టు చూశారు. బురదలో కూలబడిన లోవమ్మ అతని కాళ్లు పట్టుకుంది. ఆమె నోరు కదులుతోంది. తల బాదుకుంటోంది. చెప్పు, చెప్పు అన్నట్టు పడవ వైపు చెయ్యి చూపిస్తోంది.

పడవ జరుగుతోంది. వంపు తిరిగితే మడచెట్ల వెనక్కి పోతుంది.

మరిడమ్మ వచ్చి పక్కన నిలబడింది. గంగయ్య ఆమె భుజం పట్టుకుని కుదిపాడు.

"ఏమన్నాడు? ఏమడిగాడే వాడు? గట్టిగా చెప్పు!"

మరిడమ్మ ఈసారి అతనికి పెదవులు కనపడేట్టు తిరగలేదు. నది వైపే చూస్తూ చెప్పింది. ఒక్కసారే చెప్పింది.